దోమ కథతో సైన్స్ పాఠం: తరగతి గదిలో రేడియో, ఆడియో కథలు వాడే పద్ధతి

సైన్స్ పీరియడ్‌లో ఆడియో కథ అనగానే చాలామంది టీచర్లు స్పీకర్ తెచ్చి, ప్లే నొక్కి, పిల్లల్ని నోరు మూసుకుని వినమంటారు. కథ ఎంత బాగున్నా పది నిమిషాలకల్లా వెనక బెంచీలో గుసగుసలు మొదలవుతాయి. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వినడం తప్ప మనం వాళ్లకి పని ఇవ్వలేదు. ఆడియోతో సైన్స్ చెప్పాలనుకునే టీచరుకి ముందు తెలియాల్సింది కథని ఎక్కడ ఆపాలో. ఆపి, "తర్వాత ఏం జరుగుతుంది? ఎందుకలా అనుకుంటున్నారు?" అని అడిగి, నోట్‌బుక్‌లో రాయించి, అప్పుడు మళ్లీ ప్లే నొక్కాలి.

ఇది పాత పద్ధతే. 1970ల మధ్యలో నికరాగ్వాలో చిన్న తరగతుల పిల్లలకి రేడియోలో లెక్కలు చెప్పారు. రేడియో గొంతు ప్రశ్న అడిగి కొన్ని సెకన్లు ఆగేది. తరగతి మొత్తం గట్టిగా జవాబు చెప్పేది. ఆ వెంటనే సరైన జవాబు వినిపించేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతుల కోసం ఆకాశవాణిలో వచ్చిన 'విందాం నేర్చుకుందాం' చాలామంది టీచర్లకి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ప్రతి టీచరు జేబులో రికార్డింగ్ యంత్రం ఉంది కాబట్టి, మన పాఠానికి కావలసిన కథని మనమే తయారు చేసుకోవచ్చు.

ఎలాగో ఒకే ఒక్క కథతో మొదట్నుంచీ చివరిదాకా చూద్దాం. ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠంలో మలేరియా వస్తుంది. ఆడ అనాఫిలస్ దోమ, అది మోసే ప్లాస్మోడియం అనే పరాన్నజీవి అని పిల్లలు బట్టీ పడతారు. ఆ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని మొదటిసారి చూసింది సికింద్రాబాద్‌లో, బేగంపేట ఆసుపత్రిలోని ఒక చిన్న గదిలో, 1897 ఆగస్టు 20న. చూసిన మనిషి రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు. మన నేల మీద జరిగిన ఈ కథ మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

1. చెవికి పనికొచ్చే పాఠం ఎంచుకోండి

అన్ని పాఠాలూ ఆడియోకి లొంగవు. కిరణ చిత్రాలు, రసాయన సమీకరణాలు, పువ్వు భాగాలు కంటితో చూడాల్సినవి. వాటిని గొంతుతో వర్ణించబోతే పిల్లలకి తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. ఒక ప్రశ్న వెంట పడి మనుషులు వెతుక్కుంటూ వెళ్లిన పాఠం, కొన్ని రోజుల పాటు సాగే మార్పు ఉన్న పాఠం, అసలు చప్పుడే విషయమైన పాఠం ఆడియోకి బాగుంటాయి. మలేరియా మొదటి రకం. ఉరుములు, గుండె చప్పుడు, దోమ రొద మూడో రకం. దోమ రొద నోటి నుంచి కాదు, సెకనుకు కొన్ని వందలసార్లు కొట్టుకునే రెక్కల నుంచి వస్తుందని చెబితే ధ్వని పాఠానికి కూడా అదే మంచి మొదలు అవుతుంది.

2. నిజాలన్నీ ముందు ఒక కాగితం మీద పెట్టండి

కథ రాయడానికి కూర్చునే ముందే వాస్తవాల కాగితం సిద్ధం కావాలి. మన కథకి అది ఇలా ఉంటుంది.

చిత్తడి నేలల చెడుగాలి వల్లే చలిజ్వరం వస్తుందని జనం ఎన్నో ఏళ్లు నమ్మారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా చేరుతుందో తేలలేదు. రాస్‌కి గురువులాంటి పాట్రిక్ మాన్సన్‌కి దోమ మీద అనుమానం. అయితే దోమ నీళ్లలో చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకి జ్వరం వస్తుందనీ ఆయన ఊహ. రాస్ దాదాపు రెండేళ్లు దోమల్ని కోసి చూశాడు. ఏమీ దొరకలేదు, ఎందుకంటే అవి మలేరియా మోసే జాతి దోమలు కావు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి వాటితో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు, దోమకి ఒక అణా చొప్పున. అది ఆగస్టు 16. నాలుగు రోజుల తర్వాత, 20న, ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవిలో ఉండే నల్లటి రేణువులే ఉన్నాయి. మర్నాడు ఇంకో దోమని కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి.

గదిలో వాతావరణం కూడా రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఆడియోకి ఇదే ప్రాణం. ఆగస్టు ఉక్క. కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని రాస్ పైన వేలాడే పంకాని తాడుతో లాగనిచ్చేవాడు కాదు. చెమట పడి మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి. ఉన్న ఒక్క కంటి కటకమూ చీలి ఉంది. ఇవి రాస్ స్వయంగా రాసుకున్న విషయాలు.

3. కథ కంటే ముందు ఆపే చోట్లు తేల్చుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువ సేపు కూర్చోండి. ఏడు నిమిషాల కథకి మూడు ఆపులు చాలు. ఒక్కో ఆపు దగ్గర ఒక్కో రకం ఆలోచన అవసరం కావాలి.

మొదటిది తేలికగా ఉండాలి. "ఇంత ఉక్కలో పంకా ఎందుకు ఆపమన్నాడు?" చదువులో వెనకబడిన పిల్లలు కూడా దీనికి చెయ్యెత్తుతారు. తరగతిలో నోళ్లు తెరుచుకోవడమే ఇక్కడ మనకి కావలసింది. "మైక్రోస్కోప్ ఊగుతుందని" అని ఒకరంటారు, "దుమ్ము పడుతుందని" అని ఇంకొకరు. రెండూ ఆలోచించి చెప్పినవే. తప్పు అనకుండా బోర్డు మీద రాయండి.

రెండోది కష్టం పెరగాలి. "రెండేళ్లుగా దోమల్ని కోస్తున్నాడు, ఏమీ కనపడలేదు. మీరైతే ఇప్పుడు ఏం మారుస్తారు?" దోమల రకం మార్చాలి, వేరే రోగిని చూడాలి, కుట్టిన తర్వాత ఇంకొన్ని రోజులు ఆగి కోయాలి, మైక్రోస్కోపే మార్చాలి... ఇలా వస్తాయి జవాబులు. ఇక్కడ టీచరు ఒక్క మాట అడగాలి: "అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో ఎలా తెలుస్తుంది?" చరరాశులు, నియంత్రిత ప్రయోగం అని పేర్లు పెట్టి చెప్పాల్సిన పాఠం ఈ ప్రశ్నతో దానంతటదే వచ్చేస్తుంది. పేర్లు తర్వాత చెప్పుకోవచ్చు.

మూడోది సాక్ష్యం గురించి. "నాలుగో రోజు కణం చిన్నది. ఐదో రోజు పెద్దది. దీన్నిబట్టి ఏం చెప్పగలం?" పెరుగుతోంది కాబట్టి ప్రాణముంది, దోమ లోపల బతుకుతోంది అని పిల్లలే చెబుతారు. కొంచెం ఆగండి, ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు.

కథ అయిపోయాక ఇంకో ప్రశ్న ఉంది, నా దృష్టిలో మొత్తం పాఠానికి అదే కేంద్రం: "మరి దోమ కుడితే మనిషికి మలేరియా వస్తుందని రాస్ ఆ రోజు నిరూపించాడా?" తరగతిలో చాలామంది అవుననే అంటారు. నిరూపించలేదు. రోగి నుంచి దోమలోకి పరాన్నజీవి వెళ్లిందని, అక్కడ పెరిగిందని మాత్రమే తేలింది. దోమ నుంచి తిరిగి ఇంకో ప్రాణిలోకి వెళ్లడం మిగిలే ఉంది. 1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరుతుందని, కుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న పక్షికి సోకుతుందని చూపించాడు. మనుషుల మలేరియాలో అనాఫిలస్ పాత్రని ఇటలీలో గ్రాసి అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఎంత సాక్ష్యానికి ఎంత మాట అనొచ్చో పిల్లలకి ఈ వయసులోనే పట్టుబడాలి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఆరోగ్య చిట్కానీ నమ్మే ఇళ్లలోనే వాళ్లు పెరుగుతున్నారు.

4. స్క్రిప్ట్ రాయడం

రాస్ గొంతుతో కథ మొత్తం చెప్పించకండి. పిల్లలకి దగ్గరగా ఉండే ఒక కల్పిత పాత్రని పెట్టుకోండి. పంకా తాడు లాగే కుర్రాడు ఇక్కడ బాగా కుదురుతాడు. గదిలోనే ఉంటాడు, ఏమీ తెలియదు, అన్నీ అడుగుతాడు. మీ బడి ఏ జిల్లాలో ఉంటే ఆ యాసలో మాట్లాడించండి. కథ సికింద్రాబాద్‌ది కాబట్టి నేనైతే ఇలా రాస్తాను:

(పంకా తాడు కిర్రు కిర్రుమంటున్న చప్పుడు. దూరంగా కాకి.)

యాదగిరి: దొర పొద్దుగాల్ల సంది ఆ గొట్టంల కన్ను పెట్టి సూస్తనే ఉన్నడు. చెమటకు గొట్టం మరలన్నీ తుప్పు వట్టినయ్. నేనేమో పంకా గుంజుతున్న.

రాస్: ఆపు! పంకా ఆపు!

(కిర్రు చప్పుడు ఠక్కున ఆగుతుంది. మూడు సెకన్ల నిశ్శబ్దం. తర్వాత ఈగల రొద.)

యాదగిరి: గింత ఉడకపోతల పంకా ఆపుమంటడేంది?

(బడి గంట ఒక్కసారి.)

ఆ గంట టీచరుకి సంకేతం, అక్కడ పాజ్ నొక్కాలి. ఆలోచించడానికి ఖాళీ సమయాన్ని రికార్డింగ్‌లోనే వదలకండి. ఒక సెక్షన్‌కి అర నిమిషం చాలుతుంది, ఇంకో సెక్షన్‌కి నాలుగు నిమిషాలు పడుతుంది.

వాక్యాలు పొట్టిగా ఉండాలి. చెవి వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేదు. కొత్త శాస్త్ర పదాలు ఒక కథలో మూడుకి మించకూడదు. పరాన్నజీవి, అనాఫిలస్, ప్లాస్మోడియం, ఇంతే. వాటిలో ప్రతిదీ కనీసం రెండుసార్లు వినపడాలి, రెండోసారి వేరే పాత్ర నోట. గొంతులు మూడు దాటితే ఎవరు ఎవరో పిల్లలకి తెలియదు, కాబట్టి ఒక పిల్లవాడి గొంతు, ఒక పెద్ద మగ గొంతు, ఒక ఆడ గొంతు అన్నట్టు తేడాగా పెట్టుకోండి. రాసిన తర్వాత గట్టిగా చదివి టైమ్ చూసుకోండి. తీరిగ్గా చదివితే నిమిషానికి సుమారు వంద మాటలు పడతాయి, చప్పుళ్లకి కూడా చోటు కావాలి. ఏడు నిమిషాలకి ఆరువందల మాటల స్క్రిప్ట్ దాటకపోవడం మంచిది.

5. రికార్డింగ్

స్టూడియో అక్కర్లేదు. ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్ చాలు. ఖాళీ తరగతి గదిలో మాత్రం వద్దు, గోడల నుంచి ప్రతిధ్వని వచ్చి మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. పరుపు, దుప్పట్లు, బట్టలు ఉన్న చిన్న గది నయం. ఫ్యాన్ ఆపండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా రాస్ కణాన్ని చూసే క్షణంలో ఎవరో ఫోన్ చేస్తారు. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పట్టుకుంటే 'ప', 'ఫ', 'భ' లు ఉఫ్‌మని కొట్టవు.

చప్పుళ్లు పిల్లల చేతే చేయించండి. చాటలో బియ్యం మెల్లగా ఒంపితే వాన. కొబ్బరి చిప్పలు బల్ల మీద కొడితే గుర్రపు జట్కా. బావి గిలక కిర్రుమనేది దొరికితే అదే పంకా తాడు. దువ్వెనకి పల్చటి కాగితం చుట్టి పెదాలు ఆనించి గొంతుతో 'ఊ' అని రాగం తీస్తే దోమ రొద. కాగితం కంపించడం వల్లే ఆ చప్పుడు వస్తోందని అక్కడికక్కడే చెప్పండి, ధ్వని పాఠంలో సగం అయిపోతుంది.

ముక్కలు అతకడానికి అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ ల్యాబ్‌లో వేయించుకోవచ్చు. మాటల కింద సంగీతం పెట్టకండి. పాత బ్లూటూత్ స్పీకర్‌లో సంగీతం మాటని మింగేస్తుంది. ఫైలుని మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3గా దాచుకుంటే నిమిషానికి దాదాపు అర ఎంబీ, మొత్తం కథ నాలుగు ఎంబీ లోపే. ఏ ఫోన్‌కైనా పంపొచ్చు.

6. గదిని సిద్ధం చేయండి

ఈ మెట్టు వదిలేస్తే పైన పడిన శ్రమంతా వృథా. ముందు రోజు సాయంత్రం ఖాళీ గదిలో కథ ప్లే చేసి, చివరి బెంచీలో మీరే కూర్చుని వినండి. స్పీకర్‌ని టీచర్ బల్ల మీద కాకుండా గది మధ్యలో, పిల్లల తల ఎత్తున పెట్టండి. వీలైతే పిల్లల్ని దాని చుట్టూ కింద కూర్చోబెట్టండి. రేకుల షెడ్డులో వాన పడుతుంటే ఆ రోజుకి కథ వద్దు, వేరే పని చేసుకోండి. ఛార్జింగ్ ముందే పెట్టుకోండి. ఫైలు ఫోన్‌లోనే ఉండాలి, నెట్ మీద ఆధారపడకూడదు. స్పీకర్ అసలే లేకపోతే తరగతిని రెండు గుంపులు చేసి ఫోన్‌తోనే నడపొచ్చు. ఒక గుంపు వింటుంటే ఇంకో గుంపు కింద చెప్పిన లార్వా పని చేస్తుంది.

7. పీరియడ్ నడిపే తీరు

నలభై ఐదు నిమిషాల పీరియడ్ అనుకుందాం. మొదటి ఐదు నిమిషాలు పిల్లలకి తెలిసింది అడగండి: మలేరియా ఎవరింట్లో వచ్చింది, ఎందుకొస్తుందనుకుంటున్నారు? మురికి వల్ల, వానలో తడిసి, చల్లని నీళ్లు తాగి అనే జవాబులు ఒక మూల రాసి ఉంచండి. చివర్లో వాటి దగ్గరికి మళ్లీ రావాలి. బోర్డు మీద మూడు గీతలు గీసి బొమ్మలతో చూపించండి: రోగి, దోమ, ఇంకో మనిషి. ఈ చిన్న బొమ్మ కంటి ముందు ఉంటే చెవిన పడింది చెదిరిపోదు.

తర్వాత కథ, ఆపులతో కలిపి ఇరవై నిమిషాలు. ప్రతి ఆపు దగ్గరా ముందు రాయించండి, తర్వాతే మాట్లాడించండి. రాయకుండా మాట్లాడిస్తే ముందు బెంచీలో ముగ్గురే తరగతి నడుపుతారు. జవాబు రాసి పక్కవాళ్లకి చూపించాక, చెయ్యెత్తని వాళ్లని పేరు పెట్టి పిలవండి. కథలో జవాబు వచ్చాక "నేను అన్నాగా!" అని ఎగిరే పిల్లల్ని ఆపొద్దు.

చివరి పదిహేను నిమిషాలు ఆ పెద్ద ప్రశ్నకి, రాస్ ఆ రోజు ఏం నిరూపించాడు అనేదానికి, ఇంకా నిజం, కల్పన వేరు చేయడానికి. "ఈ కథలో కల్పించిందేంటి?" అని అడగండి. యాదగిరి కల్పితం, మాటలు కల్పితం, తేదీలూ హుసేన్ ఖానూ తుప్పుపట్టిన మరలూ నిజం అని స్పష్టంగా చెప్పి తీరాలి. చెప్పకపోతే రేపు పరీక్షలో "పంకా కుర్రాడు యాదగిరి సాయంతో" అని రాసే పిల్లలుంటారు. హుసేన్ ఖాన్‌కి డబ్బిచ్చి కుట్టించడం సబబేనా అన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తే వదిలిపెట్టకండి. ఈ రోజుల్లో మనుషుల మీద పరిశోధనకి సమ్మతి ఎలా తీసుకోవాలో నియమాలున్నాయని చెప్పండి.

మర్నాడు పుస్తకం తెరిచి అదే పాఠం చదివించండి. కథ పుస్తకానికి బదులు కాదు. కథ విన్న పిల్లలకి పుస్తకంలోని నాలుగు పొడి వాక్యాలు కూడా అర్థమవుతాయి.

8. విన్నదాన్ని చేతికి అందించండి

గాజు సీసాలో నిల్వ నీళ్లలోని దోమ లార్వాలు తెప్పించండి, సీసా మూతికి దోమతెర గుడ్డ గట్టిగా కట్టాలి. అనాఫిలస్ లార్వా నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుని ఉంటుంది. క్యూలెక్స్ అనే ఇంకో రకం దోమ లార్వా తల కిందికి వేలాడుతుంది. రాస్ రెండేళ్లు తప్పు దోమలతో ఎందుకు తంటాలు పడ్డాడో ఇప్పుడు పిల్లలకి కళ్లకి కడుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే పెట్టి వారానికోసారి కుండీలు, డ్రమ్ములు ఎందుకు ఖాళీ చేయమంటారో లెక్క వాళ్లనే తేల్చమనండి. పని అయ్యాక ఆ నీళ్లు ఎండ తగిలే పొడి నేల మీద ఒంపేయాలి, కాలవలో కాదు.

ప్రత్యక్ష రేడియో ప్రసారం అయితే

ప్రసారాన్ని ఆపలేం, అదొక్కటే పెద్ద తేడా. అందుకే ప్రసారానికి ముందే ఎక్కువ పని చేయాలి. ఏ విషయమో తెలుసుకుని మూడు ప్రశ్నలు బోర్డు మీద ముందే రాసి, వింటూ జవాబు దొరికినప్పుడు చెయ్యెత్తమనండి. ప్రసార సమయం, మీ టైమ్‌టేబుల్ కలవకపోతే ఇంట్లో విని రమ్మనొచ్చు. ఫోన్‌లో రికార్డు చేసి తరగతిలో ఆపుతూ వినిపించడం ఇంకా మేలు. ఆ రికార్డింగ్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పంచాలంటే మాత్రం స్టేషన్ వాళ్లని అడిగాకే. దగ్గర్లో కమ్యూనిటీ రేడియో ఉంటే పిల్లలు చేసిన కథని ప్రసారం చేస్తారేమో అడిగి చూడండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి పల్లె ఆడవాళ్లే సంఘం రేడియో నడిపారు. ఊరి గొంతు రేడియోలో రావడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదని అక్కడికి వెళ్లి చూసిన పిల్లలకి చెప్పనక్కర్లేదు.

వినికిడి సమస్య ఉన్న పిల్లలు

తరగతిలో ఒక్కరున్నా స్క్రిప్ట్ ప్రింటు వాళ్ల చేతిలో ఉండాలి, ఆపే చోట్లు గుర్తు పెట్టి. స్పీకర్ దగ్గర చోటివ్వండి, మీరు మాట్లాడేటప్పుడు మీ ముఖం వాళ్లకి కనపడాలి. చూపు లేని పిల్లలకి ఈ పీరియడ్ అందరితో సమానంగా దొరుకుతుంది, చాలాసార్లు చప్పుళ్లని ముందు గుర్తుపట్టేది వాళ్లే.

తర్వాతి కథ ఏది?

ఒక కథ నడిచాక పిల్లల్నే తర్వాతిది చేయమనండి. గుంపుకి ఐదుగురు: ఒకరు వాస్తవాల కాగితం, ఇద్దరు స్క్రిప్ట్, ఒకరు చప్పుళ్లు, ఒకరు రికార్డింగ్. వాస్తవాల కాగితం మీరు చూసి సంతకం పెట్టాకే స్క్రిప్ట్ మొదలవ్వాలి.

1868 ఆగస్టు 18 గుంటూరు బాగుంటుంది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చాడు. పగలే చీకటి పడటం, పక్షులు గూళ్లకి చేరడం, జనం కేకలు ఆడియోకి చక్కగా పనికొస్తాయి. గుంటూరులోనే హీలియం కనుక్కున్నారని పిల్లలు రాసుకొస్తారు, అక్కడ సంతకం ఆపండి. గ్రహణం లేకపోయినా సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని, అంటే వాటి కాంతి రంగులుగా విడిపోయిన పట్టీని, చూడొచ్చని జాన్సెన్ గుంటూరులో గ్రహించాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ వర్ణపటంలోని పసుపు గీత సోడియం గీతలతో కలవడం లేదని గమనించాడు, అది హీలియం అనే కొత్త మూలకానిదన్న మాట ఆ తర్వాతే వచ్చింది. ఈ ముక్కలన్నిటినీ ఏ వరసలో వినిపించాలో, గంట ఎక్కడ కొట్టాలో గుంపునే తేల్చుకోమనండి.